ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు

హెలికాప్టర్ దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. రెక్కల గాలికి ఎర్ర దుమ్ము లేచింది. నోట్లోకి, బూట్లలోకి, రైఫిల్ గొట్టంలోకి దూరింది. ఎండ మన రేణిగుంట ఎండే. గాలిలో మాత్రం తడి ఉంది. అరగంటలో చొక్కా వీపుకు అతుక్కుంది. అక్కడున్నన్నాళ్ళూ పూర్తిగా ఆరలేదు.

అది మధ్య ఆఫ్రికాలో ఒక చిన్న పట్నం. దేశం పేరు రాయను. రాస్తే ఒక అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. ఆమెకు ఇప్పుడు పదహారేళ్ళు. ఇక్కడ రాస్తున్నదంతా ఆమెకు ముందుగా చెప్పి, సరే అనిపించుకుని రాస్తున్నదే.

నేను అప్పుడు హవల్దారును. పదిమంది జవాన్ల మీద పెద్దను. మాది దక్షిణాది పటాలం. శాంతిసేన పని మీద వెళ్ళాం. క్యాంపు ఒక గుట్ట నెత్తిన ఉండేది. చుట్టూ ఇనుప వల బుట్టల్లో మట్టి నింపి పేర్చిన గోడ. లోపల కంటైనర్ గదులు, నీళ్ళు శుద్ధి చేసే యంత్రం, తెల్లరంగు పూసిన వాహనాలు. నెత్తిన నీలి హెల్మెట్. ఒంటి మీద తూటా కవచం, పది కిలోల పైనే. గుట్ట కింద పట్నం, పట్నం దాటితే అడవి, అడవి దాటితే నది. నది అవతల ఊళ్ళు తగలబడి మళ్ళీ కట్టుకున్నవి. యుద్ధం అయిపోయిందని ఒప్పందం కుదిరి చాలా కాలమైంది. కానీ అక్కడ పొద్దుగూకాక ఎవరూ దీపం ఆరుబయట పెట్టేవారు కాదు.

మేజర్ మొదటి రోజే మూడు ఆజ్ఞలు ఇచ్చాడు. కాచిన నీళ్ళే తాగాలి. చీకటి పడ్డాక గోడ దాటకూడదు. స్థానికులతో ఏ సంబంధమూ కలుపుకోకూడదు. మొదటి రెండూ పాటించాం.

మూడోదాని కథ చెప్పాలంటే ముందు ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు నేను. మా నాయన రేణిగుంటలో రైల్వే కూలీ. చదువు తక్కువ, వాదన ఎక్కువ. నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని రైలు స్టేషనుకు, అక్కడి నుంచి చిత్తూరులో జరిగే హేతువాద సభలకు తీసుకెళ్ళేవాడు. జాతకాలు, ముహూర్తాలు, కులం, దిష్టి, ఏది ఎవరు చెప్పినా ఆయన అడిగేది ఒకటే: రుజువేది? ఆ ప్రశ్న నాకు ఆస్తిగా వచ్చింది. బ్యారక్‌లో ఎవరు మహిమ మాట్లాడినా నేను అదే అడిగేవాణ్ణి. అందుకని నాకు రుజువన్న అని పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టింది మా వంటమాస్టర్. అతనిది సత్యవేడు. సగం మాట తెలుగు, సగం మాట అరవం. బియ్యం బస్తాల మీద వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని, ఆ పటానికి చూపించకుండా సాంబారు కూడా దించేవాడు కాదు. నాకూ అతనికీ రోజూ పోట్లాట. నాకు పెట్టే అన్నంలో మాత్రం గరిటె ఎప్పుడూ తగ్గలేదు.

గుట్ట కింద ఒక అనాథాశ్రమం ఉండేది. నడిపేది ఆ దేశపు కన్యాస్త్రీ ఒకామె. అందరూ సిస్టర్ అనేవారు. మా నీళ్ళ లారీ వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్ళేది. పైకప్పు కారుతుంటే చూసి ఊరుకోలేక మా వాళ్ళు ఇద్దరు రేకులు మార్చారు. తర్వాత కాలువ తవ్వారు. తర్వాత పొయ్యి కట్టారు. మేజర్‌కు తెలిసింది. పిలిచి, డ్యూటీ లేని వేళల్లో, ఇష్టమైనవాళ్ళే వెళ్ళండి, ఫోటోలు తీసుకోవద్దు అన్నాడు. ఆ చివరి మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆశ్రమంలో పిల్లలు ఇరవై పైచిలుకు. అందులో కొందరి చర్మం మిగతా పిల్లలకన్నా పలచటి రంగు. జుట్టు వేరు. వాళ్ళ తల్లులు ఆ ఊళ్ళవాళ్ళే. తండ్రులు యుద్ధం కోసం వచ్చి, యుద్ధంతో వెళ్ళిపోయినవాళ్ళు. ఏయే దేశాల సైనికులో నాకు తెలియదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు అన్నంతవరకు తెలుసు. నేనూ యూనిఫాం వేసుకున్నవాణ్ణే. ఆ పిల్లల ముఖం చూసినప్పుడల్లా నా కాలరు బిగుతుగా అనిపించేది. సంతలో వాళ్ళను ఒక మాటతో పిలిచేవారు. దాని అర్థం మా దుబాసి చెప్పాడు: గుడారం పిల్లలు. దుబాసి ఆ పట్నంలో బడిపంతులు. చెబుతూ తల దించుకున్నాడు. నేను అతన్ని ఏమనగలను? పుట్టుకను బట్టి మనిషికి పేరు పెట్టే విద్యలో మన దేశం ఏ దేశానికైనా పాఠం చెప్పగలదు.

ఆ పిల్లల్లో ఒకతె నాలుగేళ్ళది. వంటమాస్టర్ ఆమెకు బుజ్జమ్మ అని పేరు పెట్టాడు. తల్లి జ్వరంతో పోయింది. మేనమామ యుద్ధంలో పోయాడు. నది అవతలి ఊళ్ళో అమ్మమ్మ ఒక్కతే ఉంది, చూపు మందగించి, ఇంకో ఇద్దరు మనవళ్ళను సాకుతూ. గుడారం పిల్లను ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు తగలబెడతామని సాయుధ ముఠా వాళ్ళు బెదిరిస్తే, రాత్రికి రాత్రి పడవలో తెచ్చి సిస్టర్‌కు అప్పగించి వెళ్ళింది. బుజ్జమ్మ నీళ్ళ లారీ రాగానే పరుగెత్తుకొచ్చి డ్రైవర్ పక్కన నా ఒళ్ళోకి ఎక్కేది. ఆశ్రమం గేటు నుంచి బావి దాకా ప్రయాణం. ఆ నిమిషం కోసం వారమంతా చూసేది.

దత్తత వ్యవహారాలు చూసే అధికారిణి ఒకామె రాజధాని నుంచి వచ్చేది. యాభై ఏళ్ళ మనిషి. నవ్వదు. మా స్వచ్ఛంద సేవలో పెద్ద భాగం ఆమెను జీపులో ఊళ్ళకు తిప్పడమే. దత్తత అంటే విమానాశ్రయంలో పూలగుత్తులు కాదని ఆమె వల్ల తెలిసింది. ముందు ఈ బిడ్డకు సొంతవాళ్ళెవరూ లేరా అని ఊరూరా వెతకాలి. దొరికితే బిడ్డ అక్కడే ఉండాలి. మేం తిప్పిన తిరుగుళ్ళలో ముగ్గురు పిల్లలకు పెద్దమ్మలో బాబాయిలో దొరికారు. ఆ సాయంత్రాలు వంటమాస్టర్ క్యాంపంతటికీ సేమ్యా పాయసం చేశాడు. ఎవరూ దొరకని పిల్లలకే వేరే దేశపు ఇల్లు. అదీ తల్లి తరఫువాళ్ళు ఊరి పెద్దల ముందు నోటితో ఒప్పుకుంటేనే. బిడ్డను ఇవ్వడం వేరు, పోగొట్టుకోవడం వేరు అనేది ఆమె.

బుజ్జమ్మ కోసం నార్వే నుంచి ఒక జంట సిద్ధంగా ఉంది. భర్త బడిలో వడ్రంగం నేర్పేవాడు. భార్య నర్సు. ఆమె కూడా పసితనంలో వేరే ఖండం నుంచి దత్తత వెళ్ళిన మనిషే. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. మిగిలింది అమ్మమ్మ ఊళ్ళో ఒప్పుకోలు. వానలు మొదలైతే నది దాటలేం, కోర్టు మూతపడుతుంది, మళ్ళీ ఏడాది. ఆ ఏడాదిలో ముఠావాళ్ళు నది ఇవతలికి రారన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు బుజ్జమ్మకు మలేరియా వచ్చింది. మామూలుది కాదు. పెదాలు తెల్లబడ్డాయి. సిస్టర్ తువ్వాలులో చుట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది. క్యాంపు డాక్టరు రక్తం ఎక్కించాలన్నాడు. గ్రూపు సరిపోయింది వంటమాస్టర్‌ది. చెయ్యి చాపి పడుకున్నాడు. మందు హెలికాప్టర్‌లో, కాలానికి ముందే పడ్డ కుండపోత వానలో వచ్చింది. మూడో రోజు పొద్దున పాప లేచి కూర్చుని బిస్కెట్టు అడిగింది.

క్యాంపు ఆసుపత్రిలోనే వంటమాస్టర్ నా దగ్గరికొచ్చి, పాప బతికితే పుట్టువెంట్రుకలు కొండకు ఇస్తానని మొక్కుకున్నానని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. రక్తమిచ్చింది నువ్వు, వైద్యం చేసింది డాక్టరు, నయం చేసింది మందు, మధ్యలో జుట్టు తీసుకోవడానికి ఆయనెవరని అడిగాను.

“మందే నయం చేసిందన్నా, కాదన్లే,” అన్నాడు. “ఆ వాన్లో మందును ఈడికి తోలకచ్చిందెవురు?”

“పైలట్,” అన్నాను.

మంచాల మీదున్న రోగులు కూడా నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ మొక్కు మానలేదు. సిస్టర్‌ను అడిగాడు. జ్వరానికి జుట్టు జడలు కట్టి, పేలు పట్టి ఉంది. ఆమె పట్నంలో పెరిగిన మనిషి. శుభ్రంగా ఉంటుందిలే అని ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు వంటశాల వెనక ఏర్పాటు చేశాడు. కంపెనీ మంగలి కత్తి నూరుతున్నాడు. వంటమాస్టర్ తన భార్య పంపిన గంధం చెక్కను రాతి మీద అరగదీసి గిన్నెలో పెట్టుకున్నాడు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. పాపను తాను ఎత్తుకుంటే ఏడ్చింది, మంగలిని చూసి ఇంకా ఏడ్చింది. చివరికి నన్ను పిలిపించాడు.

“నువ్వు నమ్మొద్దులే రుజువన్నా. ఒళ్ళు మాత్రం ఇయ్యి. నీకాడైతే ఊరకుంటాది.”

కూర్చున్నాను. పాప నా ఒళ్ళో కూర్చుని కవచం పట్టీ పట్టుకుని కదలకుండా ఉంది. జుట్టంతా రాలాక వంటమాస్టర్ అరచేతి నిండా గంధం తీసుకుని గుండుకు పట్టించాడు. చల్లగా తగిలేసరికి పాప కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత పకపకా నవ్వింది. ఇంకా రాయమని తల వంచింది. గిన్నె అయిపోయేదాకా వంచుతూనే ఉంది. వెంట్రుకలను అతను కొత్త చేతిరుమాలులో మూటగట్టి, పటం వెనక పెట్టుకున్నాడు.

మూడు రోజులకు రేడియో మోగింది. నది ఒడ్డున మాకో చిన్న చౌకీ ఉండేది. రేడియోలో దాని పేరు నది, గుట్ట మీది క్యాంపు పేరు కొండ. అక్కడ ఉన్నది మదనపల్లె కుర్రాడు. మా రేడియో ఆపరేటర్‌ది పీలేరు. నియమం ప్రకారం హిందీలో మాట్లాడుకోవాలి. ఆ రోజు ఇద్దరూ తెలుగులోకి జారిపోయారు. పక్కనే ఉన్నాను కనుక విన్నాను.

“కొండా, నది మాట్లాడతా ఉండా. అవతల ఊర్లో ఏడుపులు. బుజ్జమ్మ సచ్చిపోయిందంట.”

“ఎవురు సెప్పిరి? పాప ఈడే ఉండాది. ఇప్పుడే చపాతీ తినింది.”

“గుండు గీసినారని సంతకు పోయినోళ్ళు సూసి సెప్పినారంట. ఈడ పసిబిడ్డకు గుండు గీసేది సావుకేనంట. ముసలామె గూడా గీయించుకునింది. మనోళ్ళే సంపేసినారని అంటాండారు. ఓవర్.”

దుబాసిని పిలిపించి అడిగితే అవునన్నాడు. నది అవతలివాళ్ళ ఆచారం అది. బిడ్డ పోతే, పూడ్చే ముందు గుండు గీస్తారు. తర్వాత ఇంటివాళ్ళు గీయించుకుంటారు. సిస్టర్‌కు ఆ ఊళ్ళ ఆచారం తెలియదు. మాకు అసలే తెలియదు. మన దగ్గర గుండు చూస్తే కొండకు వెళ్ళొచ్చారా అని అడుగుతాం. అది ప్రపంచమంతటా అలాగే ఉంటుందనుకున్నాం.

అధికారిణి అప్పటికే క్యాంపులో ఉంది. ఆ వారమే ఊరి సమావేశం పెట్టించుకుంది. ఇంతలో అవతలి నుంచి కబురు వచ్చింది: చచ్చిన బిడ్డకు సమావేశం ఎందుకు? ఆమె మా ఇద్దరినీ చూసి, నెలల తరబడి కట్టిన నమ్మకాన్ని ఒక కత్తితో గీసేశారు అంది.  

మేజర్ ఆజ్ఞ రెండు వాక్యాలు. రేపు తెల్లవారగానే పాపను తీసుకుని మీరిద్దరూ నది దాటండి. చేసింది మీరే, చెప్పుకోవలసిందీ మీరే.

అయిదున్నరకు బయల్దేరాం. రెండు వాహనాలు, ఎనిమిది మంది జవాన్లు. అధికారిణి, దుబాసి, వంటమాస్టర్, నేను, నా ఒళ్ళో బుజ్జమ్మ. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. బురదలో వాహనం రెండుసార్లు దిగబడింది. చౌకీ దగ్గర రబ్బరు పడవ ఎక్కాం. నది రంగు టీ డికాషన్ రంగు. మేజర్ చెప్పినట్టు ఆయుధాలతో వచ్చినవాళ్ళు ఒడ్డున ఆగిపోయారు. రైఫిల్ అప్పగించాను. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాను. ఊరు ఒడ్డు నుంచి నడిచేంత దూరం. ఆ నడకలో వంటమాస్టర్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎవరికి చెప్పుకుంటున్నాడో నాకు తెలుసు. ఆ రోజు నేను రుజువు అడగలేదు.

ఊళ్ళో మగవాళ్ళు కత్తులు పట్టుకుని నిలబడ్డారు.  అమ్మమ్మ ఒక గుడిసె ముందు నేల మీద కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి. తల నున్నగా గీసి ఉంది. బుజ్జమ్మను ఆమె ముందు దించాను. ముసలామెకు సరిగా కనబడదు. చేతులు చాపింది. పాప ముఖం తడిమింది, చెవులు తడిమింది, గుండు తడిమింది. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి శ్వాస చూసుకుంది. తర్వాత పాపను గుండెకేసి అదుముకుని చాలాసేపు వదలలేదు. చుట్టూ కత్తులు కిందికి దిగాయి.

ఆమె మాటలు దుబాసి నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నాకు మాత్రం మా అవ్వ మాట్లాడినట్టే వినబడ్డాయి. అట్లాగే రాస్తాను.

“బతికుండే బిడ్డకు గుండు యాల గీసినారు?”

వంటమాస్టర్ ముందుకొచ్చాడు. మా ఊరి దగ్గర ఏడు కొండలున్నాయని, ఆ కొండ మీద రోజూ వేలమంది ఆడా మగా పిల్లా పెద్దా గుండు గీయించుకుంటారని, చావుకు కాదు, బతికినందుకని, కోరింది జరిగినందుకని చేతులు తిప్పుతూ చెప్పాడు. అతని మాటలు నేను ఇంగ్లీషులో చెప్పి, దుబాసి అనువదిస్తుంటే ఊరంతా వింత చూసినట్టు విన్నది. బస్సుల నిండా గుండ్లు కొండ దిగి వస్తాయంటే ఒక పిల్లవాడు నవ్వాడు. పెద్దలు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. తన రక్తం కూడా పాప ఒంట్లో ఉందని వంటమాస్టర్ చెప్పుకున్నాడు. మంచిది నాయనా అంది అమ్మమ్మ. అంతకుమించి దానికి విలువ ఇవ్వలేదు. ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది.

“గీసేటప్పుడు బిడ్డ ఏడవలేదా?”

“ఏడిసింది అవ్వా. ఈయన ఒళ్ళో కూసున్నాకనే ఊరకునింది.”

“మీ తావున ఎవురు కూసోబెట్టుకుంటారు ఒళ్ళో?”

“మేనమామ. అమ్మకు అన్నయినా తమ్ముడైనా.”

ఆ మాటకు దుబాసి ఒక క్షణం ఆగాడు. వాళ్ళ భాషలో మేనమామను మగతల్లి అంటారట. ఆ మాట పలకగానే నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళలో బిడ్డ మీద తండ్రికన్నా మేనమామకే హక్కు. ఆయన నోరు విప్పితేనే బిడ్డ ఊరు దాటాలి. బుజ్జమ్మ మేనమామ చనిపోయాడు కనుక, ఒప్పుకోలు ఎవరు చెప్పాలన్నది నెలలుగా తెగని చిక్కు. అమ్మమ్మకు బిడ్డ క్షేమంగా ఎక్కడికైనా వెళ్ళిపోవాలని ఉంది. కానీ ఆమె మాట చెల్లదు.

ఇప్పుడు ఆమె నా వైపు చెయ్యి చాపింది. “నా కొడుకు లేడు. వాని తావులో ఈయన కూసున్నాడు. ఈయన్నే సెప్పమనండి.”

పెద్దలు గుసగుసలాడుకున్నారు. అధికారిణి నన్నే చూస్తోంది. వంటమాస్టర్ నా మోచెయ్యి పట్టుకుని, “అన్నా, ఈడ వాదన పెట్టుకోవద్దు. ఊఁ అనేయి,” అన్నాడు నోట్లో నోట్లోనే.

ఊఁ అంటే పాప ఒడ్డెక్కుతుంది. కానీ అది అబద్ధం మీద కట్టిన ఇల్లవుతుంది. దుబాసికి చెప్పాను, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఈ పాపకూ నాకూ రక్తసంబంధం లేదు. గుండు గీస్తే జబ్బు పోతుందని నేను నమ్మను. ఆ ఆచారాన్ని నేను ఎగతాళి చేసేవాణ్ణి. పాప ఏడుస్తోందని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అంతే.

వంటమాస్టర్ కళ్ళు మూసుకున్నాడు. అమ్మమ్మ ఓపిగ్గా మొత్తం విన్నది.

“రక్తం సంగతి ఎవురడిగినారు?” అంది. “దీన్ని కన్నోనిది గూడా రక్తమే. యాడుండాడు వాడు? ఏడిస్తే ఎత్తుకునిందెవురని అడిగినా. దానికి నువ్వు నిజమే సెప్పినావు.”

నా జీవితంలో ఎన్నో సభల్లో మాట్లాడాను. కులం మీద, రక్తం మీద, పుట్టుక మీద గంటల తరబడి. నేను గంటలో చెప్పలేనిది ఆమె రెండు మాటల్లో చెప్పింది. చుట్టరికం ఒంట్లో ఉండదు. నలుగురూ కూర్చుని ఒప్పుకున్న బాధ్యతలో ఉంటుంది. అది దేవుడి పని కాదు, మనిషి పని. నా హేతువాదం ఆ రోజు ఓడిపోలేదు. దానికి కాళ్ళు వచ్చాయి.

పెద్దల్లో ఒకడు, పొగాకు గొట్టం నోట్లోంచి తీసి, మేనమామ అంటే ఒక పూట మాట కాదన్నాడు. ఆ చలి దేశంలో బిడ్డను సరిగా చూడకపోతే, ఆ ఇంటి తలుపు మూసుకుపోతే, బిడ్డ ఎవరి తలుపు తట్టాలి?

నాకు రేణిగుంటలో గూడ్స్ షెడ్ వెనక రెండు గదుల ఇల్లు గుర్తొచ్చింది. చెక్క తలుపు. వానకు ఉబ్బి, గట్టిగా తోస్తే కానీ తెరుచుకోదు. నా భార్యను అడగలేదు. అడిగే సమయం లేదు.

“నాది,” అన్నాను.

దుబాసి అనువదించాడు. పెద్దాయన తల ఊపాడు. తర్వాత ఊరి ముందు నేను నా నోటితో చెప్పాను: ఈ బిడ్డను ఆ ఇంటికి పంపడానికి ఒప్పుకుంటున్నాను. అధికారిణి అక్కడికక్కడే పెద్దలను ఒక్కొక్కరినీ అడిగి, ఈ మనిషి రక్తసంబంధి కాడని తెలిసే ఒప్పుకుంటున్నారా అని మళ్ళీ మళ్ళీ నిర్ధారించుకుంది. కోర్టులో కూడా ఆమె అదే చెప్పింది, ఏమీ దాచలేదు. న్యాయాధికారి ఊరి మాటను ఊరి మాటగానే తీసుకున్నాడు.

ఒక్క షరతు పెట్టింది అమ్మమ్మ. జుట్టు ఏదని అడిగింది. బిడ్డ ఏ దేశమైనా పోనీ, మొదటి జుట్టు తల్లి పక్కన మట్టిలో ఉండాలంది. మేం వంటమాస్టర్ వైపు చూశాం. పొద్దున బయల్దేరుతూ పటం వెనక నుంచి తీసుకున్న చేతిరుమాలు మూట అతని జేబులోనే ఉంది. ఏడుకొండల స్వామికి చెప్పిన మాట అది. నేను ఆపడానికి నోరు తెరిచాను. తెరిచింది నేనే, నమ్మకం లేనివాణ్ణి. అతను అప్పటికే మూట తీసి రెండు చేతులతో ముసలామె చేతిలో పెట్టాడు.

“సామికి నేను సెప్పుకుంటాలే,” అన్నాడు నాతో.

ఊరి చివర తల్లి సమాధి దగ్గరికి అందరం వెళ్ళాం. అప్పుడు జరిగినది చివర రాస్తాను.

తిరిగి పడవ ఎక్కేసరికి చినుకులు. క్యాంపు చేరేసరికి కుండపోత. వాన తెరిపిచ్చినప్పుడు మేజర్ పంపిన వాహనంలో అధికారిణి పట్నం కోర్టుకు వెళ్ళింది. ఆ సీజనుకు అదే చివరి విచారణ. నార్వే జంట పాపతో రెండు వారాలు ఆశ్రమంలోనే ఉన్నారు. వడ్రంగి మా లారీకి చెక్క మెట్టు చేసిపెట్టాడు, పిల్లలు ఎక్కడానికి. వెళ్ళే రోజు మట్టి రన్‌వే మీద పాప నా ఒళ్ళోంచి ఆ తల్లి ఒళ్ళోకి వెళ్ళింది. వెళ్తూ ఏడ్చింది. ఏడవాలి మరి. ఆ తల్లి ఊరుకోమనలేదు. తనకు ఆ ఏడుపు తెలుసు కాబోలు, ఏడవనిచ్చింది.

మా డ్యూటీ ముగిసింది. ఢిల్లీ నుంచి రైల్లో వచ్చి రేణిగుంట జంక్షన్‌లో తెల్లవారుజామున దిగాను. ఇంటికి వెళ్ళి, ట్రంకు పెట్టె దించకముందే నా భార్యకు తలుపు సంగతి చెప్పాను.

“తలుపు తీసేది నేను గదా,” అంది. “మాటిచ్చే ముందు నన్నడగల్ల.”

తప్పేనన్నాను. ఆమె టీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ, “పాపకేమిష్టం తినేదానికి?” అని అడిగింది. ఆ నెలలోనే వడ్రంగిని పిలిపించి తలుపు చెక్కించింది. ఇప్పుడు ఒక వేలితో తెరుచుకుంటుంది.

వంటమాస్టర్ సత్యవేడు నుంచి వచ్చి, కొండకు తోడు రమ్మన్నాడు. ఘాట్ బస్సులో వెళ్ళాం. అతను లోపలికి వెళ్ళాడు, నేను బయట పిట్టగోడ మీద కూర్చున్నాను. నున్నటి గుండుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. పాప జుట్టుకు బదులు తన జుట్టు ఇచ్చుకున్నాడు.

“ఒప్పుకున్నాడా మీ సామి?” అన్నాను.

“అడగలేదన్నా. ఇట్ల జరిగిందని సెప్పినానంతే. నిన్ను గూడా సెప్పినా.”

నా గురించి ఏం చెప్పావని నేను అడగలేదు.

బుజ్జమ్మ పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి తనంతట తానే వీడియోలో పిలిచింది. పెంచిన తల్లి పక్కనే ఉండి, తర్వాత గదిలోంచి వెళ్ళిపోయింది. పాప ఇంగ్లీషులో, తడుముకోకుండా అడిగింది: నా తండ్రి ఎవరు? తెలియదన్నాను. తెలిసినంతవరకు చెప్పాను, యూనిఫాం సంగతి కూడా. ఒకవేళ మంచివాడేమో అని అలంకరించలేదు. అంతా వింది. తర్వాత, మరి నువ్వెవరు అంది.

మీ అమ్మకు అన్నను, మీ ఊరు ఒప్పుకుంది అన్నాను.

ఆ రోజు నుంచి మామా అని పిలుస్తోంది. ఆ ఒక్క తెలుగు మాట నా భార్య నేర్పింది.

నేను ఎవరికీ దండం పెట్టని మనిషిని. కానీ కృతజ్ఞతకు దేవుడు అక్కర్లేదు. ఫోటోలు వద్దన్న మేజర్‌కు, అబద్ధానికి చోటివ్వని అధికారిణికి, ఒళ్ళు ఇమ్మని అడిగిన వంటమాస్టర్‌కు నేను బాకీ. అందరికన్నా ఆ ముసలామెకు. ఆమె ఇప్పుడు లేదు.

ఇక సమాధి దగ్గర జరిగినది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో గుంట తీసి, మూట పెట్టి, మట్టి కప్పింది. ముందురాత్రి వానకు మట్టి తడిగా, మెత్తగా, ఎర్రగా ఉంది. పక్కన బుజ్జమ్మ కూడా చిన్న చేతులతో మట్టి కప్పింది. కప్పి, ఎదురుగా ఉన్న అమ్మమ్మ తలను చూసింది. తన తలలాగే నున్నగా ఉంది. ఏం గుర్తొచ్చిందో, అరచేతి నిండా తడి మట్టి తీసుకుని, వంటమాస్టర్ తనకు గంధం రాసినట్టే, నెమ్మదిగా, గుండ్రంగా, ఆ ముసలి గుండుకు రాయడం మొదలుపెట్టింది.

బిడ్డ పోయిందని గీయించుకున్న తల అది. అమ్మమ్మ ఉలిక్కిపడింది. చల్లగా తగిలి ఉంటుంది. తర్వాత పకపకా నవ్వింది. ఇంకా రాయమని తల వంచింది.